రెండు కామాల మధ్య మాట

కాణిపాకం బస్టాండులో తిరుపతి బస్సు కదిలేసరికి రెండుంబావు అయింది. నాలుగింటికి ఆస్పత్రిలో ఉండాలి, ఉండి ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. కిటికీ పక్క సీటు దొరికినందుకు సంతోషపడే మనసు కూడా ఈరోజు స్టెల్లాకు లేదు. చేతిలో ఫోను, ఫోనులో రెండు పేజీల స్టేట్‌మెంట్, ఆ రెండు పేజీల్లో ఒక్క వాక్యం. పొద్దున్నుంచి దాన్ని చదివి చదివి కళ్ళు మంటలెత్తాయి. ద నర్సెస్ హూ హ్యాడ్ నో ట్రైనింగ్ మేడ్ దిస్ మిస్టేక్. తొమ్మిది మాటలు. తొమ్మిదీ తనవే. ఒక్కటి మార్చలేదు, ఒక్కటి కలపలేదు, ఒక్కటి తీసెయ్యలేదు. అయినా ఇది తను చెప్పిన మాట కాదు. ఎంత అన్యాయం! మనిషి మాటలన్నీ మనిషి చేతికే తిరిగిచ్చి, ఇదిగో నువ్వన్నదే కదా అని, అననిదాన్ని అనిపించడం. దొంగ సంతకం పెడితే పోలీసులకు చెప్పుకోవచ్చు. మాటను మార్చి రాస్తే నేనలా అనలేదని గొడవపెట్టుకోవచ్చు. ఊపిరి తీసేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఊపిరే తీసేశారు. ఆరోజు ఆస్పత్రి విచారణ కమిటీ గదిలో ద నర్సెస్ అని ఆగింది తను. ఎక్కువసేపేం కాదు, రవంత. ఆగి, గొంతు ఒక మెట్టు దించి, కాస్త త్వరగా, హూ హ్యాడ్ నో ట్రైనింగ్ అంది. మళ్ళీ రవంత ఆగి, గొంతును మొదటి ఎత్తుకు తెచ్చుకుని మేడ్ దిస్ మిస్టేక్ అంది. అలా అంటే అర్థం ఏమిటి? నర్సులు ఈ తప్పు చేశారు, అసలు ఆ నర్సులెవరికీ శిక్షణే ఇవ్వలేదు అని. అందరికీ కలిపి అన్నమాట. మరి ఎక్కడా ఆగకుండా, కాగితం మీద ఉన్నట్టు ఒక్క గుక్కలో అంటే? నర్సుల్లో శిక్షణ ఉన్నవాళ్ళు కొందరు, లేనివాళ్ళు కొందరు. ఆ లేనివాళ్ళే ఈ తప్పు చేశారు అని. ఆస్పత్రి రికార్డుల్లో శిక్షణ లేనిది ఒక్కతే. మునిలక్ష్మి. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఆ వాక్యం కింద స్టెల్లా సంతకం పడితే మునిలక్ష్మి ఉద్యోగం పోతుంది, ఆమె మీద నర్సింగ్ కౌన్సిల్‌కు ఉత్తరం పోతుంది, రిజిస్ట్రేషన్ రద్దయితే ఇంకే ఆస్పత్రి గడపా ఎక్కలేదు. రెండు కామాలు లేనందుకు. పెన్ను ముల్లు రెండుసార్లు తాకించి కిందికి లాగితే పడే గీతలు లేనందుకు.

కండక్టరు వచ్చి టికెట్ అన్నాడు. ఆధార్ కార్డు చూపించి టికెట్టు తీసుకుంది, మళ్ళీ ఫోను చూసింది. టైపు చేసింది మనిషి కూడా కాదట. హెచ్ఆర్ రామానుజ కమిటీ ముందు తన ఫోనులో రికార్డు చేశాడు, ఆ రికార్డును కంప్యూటరుకు వినిపిస్తే అదే టైపు చేసి పెట్టింది. దానికి మాటలు వినబడ్డాయి, మాటల మధ్య మనిషి వినబడలేదు. సరే, యంత్రానికి చెవి లేదు. రామానుజకు లేదా? పక్కన కూర్చుని విన్నాడు కదా. ఆయనకు ఇంగ్లీషు రాకపోతే ఇంత కోపం వచ్చేది కాదు. బాగా వచ్చు. తాతల కాలం నుంచి చదువుల్లో ఉన్న ఇల్లు, ఇంగ్లీషు పేపరు చదువుతూ పక్కవాళ్ళకు తప్పులు చూపించే మనిషి. పొద్దున ఇరాలకు బయల్దేరేముందు ఫోన్ చేసి, సార్, ఆ వాక్యంలో రెండు కామాలు ఉండాల అంటే నవ్వాడు. "సిస్టర్, రెండు పేజీల్లో మీకు కనబడినవి కామాలేనా? మాటలన్నీ మీవే కదా. రికార్డు నా దగ్గరే ఉంది, వినిపించమంటారా?" అన్నాడు. "మీరే ఒకసారి వినండి సార్. నేనాడ ఆగినాను, విని చూడండి" అంది. ఆయన నిదానంగా, చిన్నపిల్లలకు నచ్చజెప్పినట్టు, "ఆగడం టైపు కాదు సిస్టర్" అన్నాడు. ఆ తర్వాత ఇంకా మెత్తగా, "మీరు వార్డు ఇన్‌ఛార్జి. ట్రైనింగ్ షీటులో మీ సంతకం ఉంది. అది కూడా గుర్తు పెట్టుకోండి" అన్నాడు.

ఆగడం టైపు కాదు. ఆ మాట వింటే నారాయణి మేడమ్ ఏమనేవారు? పన్నెండేళ్ళ కిందట విదేశాల్లో నర్సు ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష రాయాలని, డ్యూటీ దిగి నేరుగా భవానీనగర్‌లో మేడమ్ ఇంటికి పోయేది స్టెల్లా. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆవిడ, పెద్ద గంధపు రంగు చీర, పొట్టి మనిషి, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ చెప్పేవారు. మనం అక్షరం అక్షరానికీ సమానంగా విలువిచ్చి పలుకుతామమ్మా, ఇంగ్లీషువాడు అలా కాదు, బరువైన మాటల మీద అడుగేస్తాడు, మధ్యలో ఉన్న చిన్న మాటలను తొక్కుకుంటూ పోతాడు, అడుగుకూ అడుగుకూ మధ్య కాలం మాత్రం తప్పనీయడు అనేవారు. ఒకరోజు ఒక వాక్యం చదవమన్నారు. మై బ్రదర్ హూ గ్రోస్ టొమాటోస్ ఇన్ పలమనేరు ఈజ్ కమింగ్ టుమారో. పలమనేరులో టమాటా పండించే మా అన్న రేపు వస్తున్నాడు. స్టెల్లా గడగడా చదివేసింది. "ఏమ్మా స్టెల్లా, మీకు అన్నలు ఎంతమంది?" అన్నారు మేడమ్. "ఒకడే మేడమ్." "మరి నువ్వు చదివినట్టు చదివితే ఇంకో ఇద్దరు ముగ్గురు పుట్టేసినారే. ఒకడు పలమనేరులో, ఒకడు ఇంకెక్కడో. మీ అమ్మకు ముందు ఈ కబురు చెప్పు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నవ్వయ్యాక చెప్పారు: ఒక్కడే అన్న అయితే బ్రదర్ దగ్గర ఆగు. టమాటాల సంగతి పక్క మనిషికి చెప్పినట్టు గొంతు దించి చెప్పెయ్. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడుతూ మధ్యలో వంటింట్లోకి తిరిగి, పాలు పొంగుతాయి చూడు అంటావే, అట్లా. మళ్ళీ చుట్టం వైపు తిరిగేసరికి గొంతు ముందున్న చోటికే రావాలి. ఎక్కడ వదిలావో అక్కడే పట్టుకోవాలి. కాగితం మీద కామా అనేది ఈ తిరగడానికి గుర్తు, అంతకు మించి ఏమీ లేదు అనేవారు. స్టెల్లా పరీక్ష పాసయింది. రెండో బిడ్డ కడుపులో పడి ప్రయాణం మానేసింది గానీ ఆ చదువు మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే కమిటీ గదిలో అంత జాగ్రత్తగా ఆగింది. బాగా నేర్చుకున్నందుకు ఇదా ఫలితం? సరిగ్గా మాట్లాడినవాళ్ళది తప్పు, సరిగ్గా విననివాళ్ళది రికార్డు!

పూతలపట్టు దాటి బస్సు పెద్ద రోడ్డెక్కింది. గాలి జోరుగా కొడుతోంది, అద్దం మూసినా రెండు పలకల మధ్య సందులోంచి ఈలవేస్తూ వస్తోంది. అసలు ఇంగ్లీషులో ఎందుకు చెప్పాలి? మంచం మీద ఉన్న రోగిది ఇరాల. మందు పెట్టిన పిల్లది చంద్రగిరి పక్క పల్లె. తనది పలమనేరు. రామానుజది తిరుపతి. ఐదుగురు తెలుగువాళ్ళ మధ్య జరిగినదాన్ని నాలుగు నెలల కిందట ఢిల్లీ నుంచి వచ్చిన మెడికల్ డైరెక్టరు కోసం ఇంగ్లీషులోకి మోసుకుపోవాలి, మోసేటప్పుడు కారిపోయినదానికి మోసినవాళ్ళే జవాబుదారీ. ఐదుగురు కాదు, నలుగురే. కోపంలో లెక్క కూడా తప్పుతోంది. జరిగింది చిన్నదేం కాదు, అది స్టెల్లా ఎవరి ముందూ చిన్నది చెయ్యలేదు. ఆపరేషన్ అయిన సుబ్బులమ్మకు పది గంటల పాటు ఎక్కాల్సిన మందు ఒక్క గంటలో ఎక్కిపోయింది. మందు ఎక్కించే కొత్త పంపు అది, అప్పటికి వారం కిందటే వార్డుకు వచ్చింది. పాతదాంట్లో అంకెల మధ్య చుక్క పెట్టే మీట ఇలా తాకితే పడేది. కొత్తదాంట్లో రెండు సెకన్లు అదిమి పట్టుకోవాలి. మునిలక్ష్మి గంటకు పది చుక్క సున్నా అని కొట్టింది, చుక్క పడలేదు, నూరు అయింది. మధ్యాహ్నం మూడింటి వేళ, పదహారు మంచాలకు ఇద్దరు నర్సులు. ముసలమ్మ ముఖం పాలిపోవడం చూసి పరుగెత్తి వచ్చి పంపు ఆపిందీ మునిలక్ష్మే, డాక్టర్ని కేకేసిందీ మునిలక్ష్మే. సుబ్బులమ్మ గుండె తడబడింది, నాలుగు రోజులు ఐసీయూలో ఉంది, దేవుని దయవల్ల లేచి కూర్చుంది. ఆ పంపు స్టెల్లా చేతికి వచ్చినా అదే జరిగేది. ఈ సంగతి స్టెల్లాకు తెలుసు. మిగతా పదిమందికీ తెలుసు. ఎందుకంటే చుక్క మీట సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

తెలియకపోతే ఆ షీటు మీద పదకొండు సంతకాలు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ మనసు పక్కకు తప్పుకుంటోంది, కిటికీలోంచి మామిడి తోపులు చూస్తోంది, రోడ్డు పక్క చెరుకురసం బండి చూస్తోంది, ముందు సీటులో తల్లి భుజం మీద నిద్రపోతున్న పసిదాని నోటి చొంగ చూస్తోంది. చూసి చూసి మళ్ళీ అక్కడికే రావలసి వస్తోంది. పంపులు దిగిన రోజు కంపెనీ మనిషి రాలేదు. వస్తాడన్నారు, ట్రాఫిక్ అన్నారు, రేపన్నారు. సాయంత్రం డ్యూటీ మారే సమయానికి రామానుజ ఒక షీటు పట్టుకుని వచ్చాడు, వెనకే ఒక అట్టపెట్టెలో సమోసాలు వచ్చాయి. ఇన్‌స్పెక్షన్ ఉంది సిస్టర్, ఫైల్లో ఉండాలి, ట్రైనింగ్ ఎల్లుండి ఎలాగూ ఇప్పిస్తాం, ముందు సంతకాలు కానిచ్చేయండి అన్నాడు. మొదట ఇద్దరు పెట్టారు. మూడోది స్టెల్లా. ఇన్‌ఛార్జి పెట్టాక మిగతా పిల్లలు పెట్టకుండా ఉంటారా? సమోసా తింటూ, నూనె చేతులు యాప్రాన్‌కు తుడుచుకుంటూ పెట్టారు. ఎల్లుండి రాలేదు, ఆ మరుసటి రోజూ రాలేదు. మునిలక్ష్మి ఆరోజు సెలవులో ఉంది, వాళ్ళ నాయనకు కంటి ఆపరేషన్. అందుకే ఆమె సంతకం ఒక్కటే లేదు. పదకొండు మంది అబద్ధానికి సంతకం పెట్టి శిక్షణ పొందినవాళ్ళయ్యారు, అబద్ధం ఆడే అవకాశం దొరకని పిల్ల శిక్షణ లేనిదయింది. ఇది ఎక్కడి న్యాయం? ఎవరి న్యాయం?

పొద్దున ఇరాలలో పెంచలయ్య అడిగింది కూడా ఇదే. సుబ్బులమ్మ కొడుకు. సెలవు పెట్టి ముసలమ్మను చూడటానికి పోయింది స్టెల్లా, ఎందుకు పోతున్నానో తనకే సరిగ్గా తెలియకుండా పోయింది. ఇంటి ముందు పందిరి కింద మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది సుబ్బులమ్మ, వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి. "రామ్మా, కూసో. ఆ పాప బాగుండాదా? లక్ష్మి?" అంది మొట్టమొదట. "ఆ పాప్ను ఏమీ అనొద్దండని సెప్పు మీ పెద్దోళ్ళకు. ఆ పిల్లే గదమ్మా సూసి ఉరికొచ్చింది. ఐసీయూ కాడికి పొద్దన్నా వచ్చేది, మాపన్నా వచ్చేది, నా చెయ్యి పట్టుకోని ఏడిసేది. నేనే ఊరుకోమే అంటాంటి" అంది. పెంచలయ్య మాత్రం ఊరుకోలేదు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఎదురుగా నిలబడ్డాడు. "మీరంతా ఒకటేనమ్మా. తప్పు మిషన్‌దా, మనిషిదా అంటే ఎవురూ సెప్పరు. ఆయప్పను అడిగితే ఈయప్ప, ఈయప్పను అడిగితే ఇంకొగాయప్ప. మాయమ్మ సచ్చిపోయింటే ఎవురమ్మా సెప్పేది?" అన్నాడు. అప్పుడు స్టెల్లా నోటి నుంచి దానంతటదే వచ్చింది. "ఆ పంపు మీద మాకెవరికీ నేర్పలేదు పెంచలయ్యా." అంతే. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా గొంతు దించలేదు. "ఈ మాట ఆడ సెప్పినావా?" అన్నాడు. "చెప్పినాను." "కాగితంలో ఉండాదా?"

కాగితంలో ఉండాదా. దానికి ఏం చెప్పాలి? ఉందయ్యా, కానీ లేదు అనాలా? ఇంగ్లీషులో చెప్పాను, ఇలా ఆగి, ఇలా దిగి, ఇలా ఎక్కాను, మిషన్ ఆ ఎక్కడం దిగడం రాయలేదు అనాలా? ముసలమ్మ పెట్టిన వేరుశనక్కాయలు కొంగులో పోసుకుని, పోయొస్తాను అని లేచి వచ్చేసింది. సిగ్గుతో వచ్చిందా, కోపంతో వచ్చిందా? కోపమే అనుకుంది బస్సెక్కేదాకా.

ఫోను మోగింది. ఏబెల్. భర్త గొంతులో కూడా పొద్దున్నుంచి ఒకటే పాట. "బయల్దేరినావా? నేరుగా పోయి సంతకం పెట్టేసి ఇంటికి రా. సాయంత్రం చర్చికి పోదాం."

"ఆ కాగితం తప్పు ఏబెల్."

"ఏం తప్పు? నువ్వన్న మాటలే గదా."

"నా మాటలే. నేనన్నది కాదు."

ఏబెల్ నెమ్మదిగా అన్నాడు. "స్టెల్లా, నీకు అర్థం కాలేదా? ఆ కాగితం నిన్ను కాపాడతా ఉండాది. నిన్నూ, ఆ పదిమందినీ. నువ్వు కామా పెట్టినావంటే మీరందరూ దొంగ సంతకాలోళ్ళు అవుతారు. ఆ పిల్లకు చిన్న వయసు, యాడన్నా బతుకుతాది. నీకు పందొమ్మిదేళ్ళ సర్వీసు."

"యాడ బతుకుతాది? రిజిస్ట్రేషన్ పోయినాక యాడ బతుకుతాది ఏబెల్?" అరిచినట్టే అంది. ముందు సీటులో పసిది ఉలిక్కిపడి లేచింది. తల్లి వెనక్కి తిరిగి చూసింది. స్టెల్లా ఫోను పెట్టేసింది. ఏబెల్ చెడ్డవాడు కాదు. తన వార్డు పిల్లలూ చెడ్డవాళ్ళు కారు. పొద్దున్నుంచి వాట్సాప్‌లో అక్కా పెట్టేయండి, అక్కా మా పిల్లలు చిన్నోళ్ళు, అక్కా ప్లీజ్ అని పెడుతున్న ఆ పదిమందిలో రక్తం చూసి వెనకడుగు వేసిన వాళ్ళు లేరు. ఎవరూ చెడ్డవాళ్ళు కాని చోట ఒక పిల్ల బతుకు ఎలా పోతుంది? ఇంత తేలిగ్గా, ఇంత మర్యాదగా, ప్లీజ్ అంటూ, సిస్టర్ అంటూ, సమోసా పెడుతూ!

చంద్రగిరి దగ్గర బస్సు నిదానించింది. ఎడమవైపు కొండ, కొండను అంటుకుని కోట గోడ, ఎండకు తెల్లబోయి ఉంది. ఇక్కడి నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు పోతే మునిలక్ష్మి వాళ్ళ ఊరు. ఈ సమయంలో ఇంట్లో ఏం చేస్తూ ఉంటుంది? కంటి ఆపరేషనయిన నాయనకు చుక్కల మందు వేస్తూ ఉంటుందేమో. ఎన్ని చుక్కలు వెయ్యాలో ఒకటికి పదిసార్లు చూసుకుంటూ. సస్పెండ్ చేసిన రోజు వార్డు తలుపు దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది. "అక్కా, మీకు చుక్క మీట సంగతి తెలుసునా?" నింద కాదది, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందరికీ తెలిసిన సంగతి తనకొక్కదానికే తెలియలేదేమో, నిజంగా తనే తెలివితక్కువదేమో అని. స్టెల్లా ఏం చెప్పింది? కమిటీలో చెప్తాను లే అంది. కమిటీలో చెప్పింది కూడా. ఎలా చెప్పింది? ఆగి. గొంతు దించి. కాస్త త్వరగా.

గొంతు దించి. స్టెల్లా ఫోను ఒడిలో పెట్టేసింది. ఎందుకు దించింది గొంతు? ఇంగ్లీషు వ్యాకరణం దించమంటుంది కాబట్టా? ఆ మాటను అసలు వాక్యం చేసి, నిండు గొంతుతో, మాకెవరికీ శిక్షణ ఇవ్వలేదు అని విడిగా చెప్పి ఉండవచ్చు కదా. నర్సులు తప్పు చేశారన్నది పెద్ద మాట చేసి, శిక్షణ లేదన్నది పాలు పొంగుతాయి చూడు అన్నంత చిన్న మాట చేసి, రెండు ఊపిరుల మధ్య సందులో దోపింది. ఎవరైనా వింటే సరే, వినకపోయినా సరే అన్నట్టు. వింటే తను నిజం చెప్పినట్టు ఉంటుంది, వినకపోతే తన సంతకం బయటపడకుండా ఉంటుంది. ఆ సంగతి ఆ క్షణం తనకు తెలియదా? తెలుసు. ఎక్కడో తెలుసు. కమిటీవాళ్ళు రెండో ప్రశ్న వెయ్యకపోతే బాగుండునని, గొంతు తిరిగి ఎత్తుకునేటప్పుడే అనుకుంది. వాళ్ళు వెయ్యలేదు. హమ్మయ్య అనుకుంది కూడా. పొద్దున్నుంచి రామానుజ మీద, యంత్రం మీద, ఢిల్లీ డైరెక్టరు మీద కోపంతో రగిలింది. వాళ్ళ మీద కోపం తగ్గలేదు. ఒక్క పిసరు కూడా తగ్గలేదు. ఇంకొకరు ఆ వరుసలో చేరారు, అంతే. పదకొండు మందిలో మూడో సంతకం.

కామాలు పెట్టించుకుంటే సరిపోతుందనుకుని బయల్దేరింది పొద్దున. సరిపోదు. కామా పెట్టినా చదివేవాడు ఒక్క గుక్కలో చదివేస్తాడు, లాయరు ఇంకో రకంగా చదువుతాడు, నారాయణి మేడమ్ శిష్యులు ఎంతమంది కూర్చుంటారు ఆ కమిటీల్లో?

తిరుపతిలో దిగేసరికి మూడూ యాభై. ఆటో పట్టుకుని ఆస్పత్రికి పోయింది. డైరెక్టరు గదిలో ఆయన, పక్కన రామానుజ. బల్ల మీద ప్రింటు తీసిన స్టేట్‌మెంట్, దాని కింద ఇంకో కాగితం అంచు కనబడుతోంది, పైన నర్సింగ్ కౌన్సిల్ చిరునామా. రామానుజ పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఇస్తూనే తెలుగులో, గొంతు తగ్గించి, "కామాలు కావాలంటే పెట్టుకోండి సిస్టర్. మీ తృప్తికి. నేనేమీ అనను" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. స్టెల్లా పెన్ను తీసుకోలేదు.

"సార్, ఈసారి నేను తెలుగులో చెప్తాను. మీరు ఆయనకు ఇంగ్లీషులో చెప్పండి" అంది.

"ఇప్పుడు మళ్ళీ స్టేట్‌మెంటా?"

"అవును సార్. ఆ పంపు మీద మాకెవరికీ ట్రైనింగ్ ఇయ్యలేదు. ఇచ్చినట్టు షీటు మీద సంతకాలు పెట్టించుకున్నారు. పెట్టినాము. నేనూ పెట్టినాను. అది అబద్ధం."

ఐదు వాక్యాలు. ఒక్కటీ ఇంకోదాని చాటున లేదు. డైరెక్టరు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఏమంటున్నారు అని ఇంగ్లీషులో అడిగాడు. రామానుజ గొంతు సవరించుకున్నాడు. "సర్, షీ ఈజ్ సేయింగ్ దట్ సమ్ ఆఫ్ ద నర్సెస్..."

"సమ్ కాదు సార్" అంది స్టెల్లా. రామానుజతోనే అంది, కానీ ఎంత గట్టిగా అందంటే బయట కౌంటరు దగ్గర అమ్మాయి తలెత్తి అద్దంలోంచి చూసింది. "సమ్ అని నేనన్లేదు. మాకెవరికీ అంటే ఏందో మీకు తెలుసు."

రామానుజ నుదుటి మీద సన్నటి నామం చెమటకు తడిసి కొద్దిగా చెదిరింది. "నన్" అన్నాడు చివరికి. "నన్ ఆఫ్ దెమ్ వాజ్ ట్రెయిన్డ్, సర్." మొదలుపెట్టాక ఆగలేకపోయాడేమో, మిగతావీ వరసగా చెప్పేశాడు, సంతకాల సంగతి, స్టెల్లా సంతకం సంగతి. డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ట్రైనింగ్ షీటు తెప్పించమన్నాడు. వచ్చింది. ఒక మూల నూనె మరక ఉంది దానికి. ఆయన వేలు మొదటి పేరు మీద పెట్టి స్టెల్లా వైపు చూశాడు. "నో సర్" అంది. రెండో పేరు. "నో సర్." మూడో పేరు. "దట్ ఈజ్ మీ. నో సర్." ప్రతి పేరుకూ ఒక ముఖం కనబడుతోంది, ప్లీజ్ అక్కా అన్న ముఖం. ప్రతి ముఖానికీ లోపల ఒక క్షమాపణ చెప్పుకుంటూ, పైకి నో సర్, నో సర్ అంటూ పదకొండూ దాటింది. వేలు ఇంకా కిందికి జరిగింది. షీటు అడుగున, గీత కింద, శిక్షణ నా సమక్షంలో జరిగినది అని ఇంగ్లీషులో అచ్చు. దాని పక్కన పన్నెండో సంతకం. వంకర లేకుండా, పూర్తి పేరు, రామానుజ.

"అండ్ యూ?" అన్నాడు డైరెక్టరు.

రామానుజ స్టెల్లా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందనుకుంది గానీ లేదు. ఎవరో పిలిస్తే అలసిపోయి వెనక్కి తిరిగిన మనిషిలా చూశాడు. ఆయనకు కూడా ఆ షీటు ఎవరో ఇచ్చి, ఈరోజే కావాలి అని ఉంటారు.

"నో సర్" అన్నాడు. వెంటనే "బికాజ్..." అని ఏదో మొదలుపెట్టాడు. డైరెక్టరు చెయ్యెత్తి చాలన్నాడు.

ఆ తర్వాత జరిగినదంతా ఐదు నిమిషాల పని. కౌన్సిల్‌కు పోవాల్సిన ఉత్తరం మీద డైరెక్టరు అడ్డంగా ఒక గీత గీసి, తారీఖు వేసి, ఆపండి అని రాశాడు. నేర్పేదాకా ఆ పంపులను అన్ని వార్డుల నుంచీ తీసెయ్యమన్నాడు. మునిలక్ష్మి సస్పెన్షన్ ఎత్తేసి, సంతకాలు పెట్టిన పన్నెండు మందికీ మెమోలు ఇవ్వమన్నాడు. స్టెల్లాకు మెమోతో పాటు, విచారణ తేలేదాకా ఇన్‌ఛార్జి బాధ్యత నుంచి తప్పుకోమని. ఆ మెమోలు టైపు చెయ్యాల్సింది రామానుజే. అందులో తన పేరుది కూడా.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి ఫోను తీసింది. వాట్సాప్ చూడలేదు. చూస్తే ఏముంటుందో తెలుసు, రేపు వార్డులో ఎవరెవరు మాట్లాడరో కూడా తెలుసు. మునిలక్ష్మికి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది పిల్ల.

"లక్ష్మీ, ఆరోజు నువ్వు అడిగినావు గదా. చుక్క మీట సంగతి నాకు తెలీదు. మాలో ఎవరికీ తెలీదు. లోపల చెప్పేసి వస్తా ఉండాను. ఆ ఉత్తరం పోదు."

"సంతకాల సంగతి కూడా చెప్పినారా అక్కా?" అంది మునిలక్ష్మి.

"చెప్పినాను."

"మరి మీకేమన్నా అయితాదా?"

"అయితాది" అంది స్టెల్లా.